పిన్ని సైకిలు గూడెంలో ఎందుకు ఆగింది

మా పిన్ని సైకిలు తొక్కి చచ్చిపోయిందని మా వాళ్ళందరూ చెబుతారు. చెప్పేవాళ్ళలో ఒక్కరు కూడా ఆ రోజుల్లో ఆమె వెంట లేరు, నేను ఉన్నాను. అయినా నా మాట ఎవరికీ పట్టదు, ఎందుకంటే నాకు నోరెక్కువని పేరు, నోరెక్కువ ఉన్నవాళ్ళు నిజం చెప్పినా దాన్ని గొడవ అనే అంటారు. సరే, గొడవే అనుకోండి. ఈ సారి కాగితం మీద పెడుతున్నాను, మధ్యలో అడ్డుపడ్డానికి ఎవరికీ వీలుండదు.

పోయిన వారం ఏలూరులో తమ్ముడి ఇంటికి వెళ్ళాను. మేనకోడలు కొత్తగా గేర్ల సైకిలు కొనుక్కుంది. దాన్ని వరండాలో కాదు, హాల్లో, టీవీ పక్కన, కొత్త అల్లుణ్ణి కూచోబెట్టినంత మర్యాదగా నిలబెట్టారు. ఉద్యోగం చేసే పిల్లలు నలుగురైదుగురు కలిసి శని, ఆదివారాల్లో సైకిళ్ళ మీద పెద్ద చుట్టు కొట్టి వస్తారట. ఫోనులో మ్యాపు చూపించింది. ఏలూరులో బయల్దేరి పెదవేగి, కామవరపుకోట, గుంటుపల్లి గుహలు, జంగారెడ్డిగూడెం, అక్కణ్ణించి దిగువకి తాడేపల్లిగూడెం, ఆకివీడు, కొల్లేరు మీదుగా కైకలూరు దారి పట్టి మళ్ళీ ఏలూరు. నీలం గీత ఒకటి ఈ ఊళ్ళన్నిటినీ చుట్టుకొచ్చి బయల్దేరినచోటే కలిసింది. నా చేతిలో పెసరట్టు ముక్క అలాగే ఉండిపోయింది.

తమ్ముడు పేపర్లోంచి తలెత్తకుండానే అన్నాడు, “మన ఇంట్లో ఆడపిల్లలకి సైకిలు అచ్చిరాదమ్మా. మీ చిన్నమామ్మ అలాగే పోయింది.”

“అవునా అత్తా?” అంది పిల్ల నా వైపు తిరిగి.

“కాదు,” అన్నాను.

“నీకు ప్రతిదానికీ వాదనేనక్కా,” అన్నాడు తమ్ముడు, పేజీ తిప్పుతూ.

అందుకని ఇది రాస్తున్నాను.

పిన్ని మా అమ్మకి ఆఖరి చెల్లెలు, నాకంటే ఆరేడేళ్ళే పెద్ద. తాతయ్యా అమ్మమ్మా ఒకరి వెనక ఒకరు పోయాక, ముదినేపల్లి దగ్గర పల్లె నుంచి ఇంటర్ మధ్యలో ఆపేసి ఏలూరులో మా ఇంటికి వచ్చింది. వచ్చినప్పుడు ఇక్కడే కాలేజీలో చేర్పిస్తామని అందరూ అన్నారు, అన్నవాళ్ళెవరూ అబద్ధమాడలేదు, కాకపోతే ఆ ఏడు అమ్మకి ఒంట్లో బాగుండలేదు, మరుసటేడు నాన్నకి బదిలీ కబురు వచ్చి ఆగిపోయింది, ఆ తర్వాత పిన్ని లేకుండా మా ఇల్లు ఎలా నడుస్తుందో మాలో ఎవరికీ గుర్తులేదు. నీళ్ళు కాగాయా పిన్నీ, నా బొత్తాం ఊడింది పిన్నీ, రేషన్లో పంచదార ఇస్తున్నారట పిన్నీ. మా ఇంట్లో ఎవరికి ఏం కావాలన్నా నోటికొచ్చే మాట అది. పిన్నికేం కావాలని అడిగినవాళ్ళని నేను చూడలేదు. ఎప్పుడైనా మర్యాదకి అడిగినా తన జవాబు ఒకటే, “ఏదైనా పర్లేదు.” పండక్కి తెచ్చిన చీరల్లో ఎవరూ ఎంచుకోనిది తనది, గిన్నెలో అడుగున మాడినది తనది, సినిమాకి వెళ్ళినప్పుడు స్తంభం వెనక సీటు తనది.

ఒక్క సైకిలు దగ్గర మాత్రం ఆమె వేరే మనిషి. నాన్న పాత సైకిలు, అడ్డబద్ద ఉన్న మగాళ్ళ సైకిలు. చీర కుచ్చెళ్ళు దోపుకుని దాని మీద పిండిమరకీ, కిరోసిన్ డిపోకీ, మార్కెట్టుకీ వెళ్ళేది. వెనక బియ్యం బస్తా, ముందు సంచులు, అయినా తూలలేదు ఎప్పుడూ. కాలవగట్టు మీద ఎదురుగాలికి నేను దిగి నడిపించుకుంటుంటే తను వంగి, పళ్ళు బిగించి, ముందుకు వెళ్ళిపోయేది. ఆ గట్టు చివర నిలబడి నాకోసం చూసేటప్పుడు ఆమె మొహంలో ఒకలాంటి పొగరు ఉండేది. ఇంట్లో దాన్ని ఎవరూ చూసి ఉండరు.

నేను డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా మాకు చరిత్ర చెప్పే మేడమ్ ఒక ఆలోచన చేసింది. పాఠాల్లో ఉన్న వేంగి రాజ్యమంతా మన ఊరి చుట్టూ మట్టిలో పడి ఉంటే మీరు బస్సులో కళ్ళు మూసుకుని దాటిపోతున్నారు, సైకిళ్ళ మీద వెళ్దాం, చూద్దాం అంది. ఆ రోజుల్లో అది చిన్న మాట కాదు. క్లాసులో సగం మంది ఇళ్ళల్లో ఆ ముక్క చెప్పడానికే భయపడ్డారు. చివరికి తేలింది ముగ్గురం: నేను, కలప అడితీ వాళ్ళమ్మాయి, తివాచీలు నేసే వాళ్ళమ్మాయి. మా అమ్మ ఒక షరతు పెట్టింది, ఇంటి నుంచి పెద్దదిక్కు ఒకరు వెంట ఉండాలి, దారిలో వంటకీ పనికొస్తుంది, పిన్నిని తీసుకెళ్ళండి. అలా పిన్నికి తను ఎవరినీ అడగనిది దొరికింది. నా పంజాబీ డ్రస్సుకి పక్క కుట్లు విప్పుకుని, నాన్న సైకిలు వెనక కిరసనాయిలు స్టవ్వూ, బియ్యం మూటా కట్టుకుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వాళ్ళ కథలో ఇది ఎప్పుడూ ఉండదు. బయల్దేరడానికి రెండు మూడు వారాల ముందు తమ్ముడికి అమ్మవారు పోసింది. ఆటలమ్మ. వాడింకా ప్రాథమిక పాఠశాల పిల్లాడు. ఒళ్ళంతా పొక్కులతో, దురదతో రాత్రీ పగలూ ఏడ్చేవాడు. వాడి పక్కన కూచుని వేపమండతో ఒళ్ళు నిమిరిందీ, గోళ్ళతో గీరుకోకుండా చేతులు పట్టుకుందీ, చప్పిడి అన్నం తినిపించిందీ పిన్ని. మా అమ్మకి చిన్నప్పుడే పోసింది, నాకూ పోసింది, మళ్ళీ రాదని అందరికీ తెలుసు. మరి పిన్నికి చిన్నప్పుడు పోసిందా అని ఆ ఇంట్లో ఒక్కరికీ అడగాలనిపించలేదు. తమ్ముడికి నీళ్ళు పోశారు, వాడు బడికి వెళ్ళాడు, మేం సైకిళ్ళెక్కాం. మా ఇంట్లోంచే అది పిన్నితో పాటు బయల్దేరింది. చక్రం ఇంకా తిరగనే లేదు.

దారి కష్టంగానే ఉంది, కాదనను. పెదవేగిలో చూడ్డానికేముంది, మట్టిదిబ్బ, ఇటుక ముక్కలు, మేకలు. మేడమ్ ఆ ఇటుకల మధ్య నిలబడి, ఇక్కడ కూచునే రాజులు గోదావరి నుంచి కృష్ణ దాకా ఏలారు అని చెబుతుంటే, పిన్ని ఒక ఇటుక తిరగేసి, ఇంత పెద్దది మా ఊళ్ళో పొయ్యికి రెండు సరిపోతాయి అంది. మేడమ్ నవ్వేసింది. కామవరపుకోట దారంతా మెరక, ఎర్రదుమ్ము, పాములా మెలికలు తిరిగే ఎత్తుపల్లాలు. డెల్టాలో పుట్టిపెరిగిన మాకు ఎత్తు ఎక్కడం అంటే వంతెన ఎక్కడమే. గుంటుపల్లి కొండ కింద సైకిళ్ళు పడేసి మెట్లెక్కేసరికి కాళ్ళు వణికాయి. రాతిలో తొలిచిన గుండ్రటి గుడిలోకి వంగి వెళ్ళినప్పుడు, ఆ చల్లటి చీకట్లో, కలప అడితీ వాళ్ళమ్మాయి ఇంటికి పోదామని ఏడ్చింది. తన బియ్యం మూట కూడా పిన్ని తన సైకిలుకే కట్టుకుంది.

జంగారెడ్డిగూడెం వెళ్ళే దారిలో ద్రాక్షతోట కనిపించింది. పొగాకు ఎండబెట్టే బ్యారన్ కొట్ల మధ్య, ఎవరో పట్టుదల మనిషి రాతి స్తంభాలు పాతి, వాటి మీద తీగలు లాగి, ద్రాక్ష పందిరి వేశాడు. బండి మీద అమ్మే ద్రాక్ష తప్ప తీగకి వేలాడే ద్రాక్ష మాలో ఎవరం చూడలేదు. సైకిళ్ళు ఆపి కంచె పట్టుకు చూస్తుంటే ఆ తోటాయన లోపలికి రమ్మన్నాడు. “ఎండన పడి వచ్చారు, కూచోండమ్మా. ఒక్కొక్కరు ఒక్కో గుత్తి కోసుకోండి. నల్లవా, పచ్చవా?” అందరం చెప్పాం. పిన్ని ఎప్పటిలాగే, “ఏదైనా పర్లేదండి,” అంది.

“పర్లేదంటే ఎలాగమ్మా,” అన్నాడాయన, “ఇన్ని ఉన్నాయి, నాకేం తెలుస్తుంది?”

పిన్ని మొహం కందిపోయింది. పందిరి కింద ఆ చివర నుంచి ఈ చివరకి తలెత్తి చూసుకుంటూ నడిచింది, చాలాసేపు పట్టింది, చివరికి పక్షులు సగం పొడిచేసిన గుత్తి ఒకటి చూపించింది. ఆయన నవ్వాలో లేదో తెలియక కత్తెర చేతికిచ్చాడు. ఆ ద్రాక్ష పుల్లగా ఉంది. తర్వాత మా పెదనాన్న, ఎండలో పుల్లద్రాక్ష తినడం వల్ల వేడి చేసి పోయిందని తీర్మానించాడు. ద్రాక్ష నేనూ తిన్నాను, ఇదిగో, బతికే ఉన్నాను.

కొయ్యలగూడెం, నల్లజర్ల మీదుగా దిగువకి వచ్చాం. గూడెం అంటే మాకు తాడేపల్లిగూడెమే. ఊరవతల యుద్ధం రోజుల్లో విమానాల కోసం వేసిన రన్‌వే ఉంది, అంత పొడవైన నున్నటి నేల నేనెక్కడా చూడలేదు. ఒక పక్క వడ్లు ఆరబోసుకున్నారు, ఇంకో పక్క ఎవరో స్కూటరు నేర్చుకుంటున్నారు. ఇదీ చరిత్రే, చూడండి అంది మేడమ్. పిన్ని చూడలేదు, తొక్కింది. రన్‌వే ఆ చివర దాకా వెళ్ళి, తిరిగి వస్తూ, రెండు చేతులూ హ్యాండిల్ మీంచి తీసేసి, పక్కలకి వేలాడేసి, నిటారుగా కూచుని వచ్చింది. స్కూటరాయన నేర్చుకోవడం మానేసి చూశాడు. దగ్గరికి వచ్చేసరికి మొహం ఎర్రగా ఉంది. ఎండ అనుకున్నాం. చెయ్యి పట్టుకుంటే కాలింది.

ఆ రాత్రి మా బస ఆ ఊళ్ళోనే, మేడమ్ గారి అత్తవారింట్లో. తెల్లారేసరికి పిన్ని మెడ కింద, ఛాతీ మీద నీటిపొక్కులు. మేడమ్ గారి అత్తగారు వచ్చి చూసి, రెండడుగులు వెనక్కి వేసి, చెంపలు వేసుకుంది. కోపం లేదు, విసుగు లేదు, ఊరుగాని ఊరి జబ్బు మనిషి నెత్తిన పడిందన్న చిరాకు లేదు. అంత మెత్తటి గొంతు నేను మళ్ళీ వినలేదు. “మా ఇంటికి నడిచొచ్చింది తల్లి,” అంది. “ఎంతమంది పిలిస్తే వస్తుందమ్మా ఇలాగ.”

ముందు గది ఖాళీ చేశారు. ఉతికిన దుప్పటి పరిచి దాని మీద వేపాకు పరిచారు. గుమ్మానికి వేపమండలు కట్టారు. ఆ ఇంట్లో తాలింపు ఆగిపోయింది, తలదువ్వుకోవడం ఆగిపోయింది, గట్టిగా మాట్లాడ్డం ఆగిపోయింది. అత్తగారు గుమ్మం దగ్గర నిలబడి చేతులు జోడించి అడిగేది, “ఏం కావాలమ్మా? మజ్జిగన్నం తెమ్మంటావా, చలివిడి తెమ్మంటావా?”

“ఏదైనా పర్లేదండి,” అంది పిన్ని మొదటి రోజు.

“అలా అనకూడదు తల్లీ. నువ్వు అడగాలి, మేం పెట్టాలి.”

నేను ఊళ్ళో ఫోన్ బూత్‌కి వెళ్ళి మా ఎదురింటి కొట్టుకి చేశాను. అమ్మ వచ్చి మాట్లాడింది. జ్వరం అన్నాను, పొక్కులు అన్నాను. అటునుంచి గుండె మీద చెయ్యి దించుకున్నట్టుగా ఊపిరి వినిపించింది. “అమ్మవారేనా. నేనింకేదో అనుకున్నాను. తమ్ముడికి పోయలేదా, తగ్గలేదా. నీళ్ళు పోశాక తీసుకురండి, తొందరేం లేదు.” వాళ్ళింట్లో జాగ్రత్తగా ఉండు, ఎదురు మాట్లాడకు అని కూడా చెప్పింది.

రెండో రోజు నుంచి పిన్ని అడగడం మొదలుపెట్టింది. కొబ్బరిబొండాం అడిగింది, తెచ్చాక మొహం తిప్పేసుకుంది, వాళ్ళు దాన్ని కళ్ళకద్దుకుని వెనక్కి తీసుకెళ్ళారు. కిటికీ తెరవమంది. కాసేపటికి మూయమంది. మేడమ్‌ని పిలిచి విసరమంది. మాకు కాలేజీలో రాజవంశాల్ని ఒక్క చేత్తో పడగొట్టి ఇంకో చేత్తో నిలబెట్టే మనిషి, పిన్ని కాళ్ళ దగ్గర కూచుని విసనకర్రతో విసిరింది. నేను చెప్పులతో గుమ్మం దాకా వస్తే, “బయట విడిచి రా,” అంది పిన్ని. కళ్ళు మూసుకునే అంది. నాకు ఒళ్ళు మండింది, భయం కూడా వేసింది, ఎందుకంటే ఆ గొంతులో బతిమాలడం లేదు. పొక్కులు పెదాల మీదికి, కనురెప్పల మీదికి వచ్చాయి. దగ్గు మొదలైంది. పొడిదగ్గు, ఆగకుండా.

ఆ దగ్గుని పట్టించుకుంది తివాచీల వాళ్ళమ్మాయి ఒక్కతే. పెరట్లో మేడమ్‌ని ఆపి అడిగింది. “మేడమ్, మా చిన్నాన్నకి ఇలాగే పొక్కులు వచ్చి దగ్గు పట్టుకుంటే ఆస్పత్రిలో పెట్టారండి. ఆవిడకి ఊపిరాడ్డం లేదు, పక్కటెముకలు చూడండి ఎలా ఎగురుతున్నాయో. డాక్టర్ని పిలవరా?”

“నెమ్మదిగా మాట్లాడు,” అంది మేడమ్. ఆ ఇంట్లో మేడమ్ పెరట్లో తప్ప మాట్లాడేది కాదు. “మా అత్తగారు వింటారు. తల్లి ఉన్న ఇంట్లోకి మందులు రానివ్వరమ్మా, నేనేం చెయ్యను.”

ఆ పిల్ల సైకిలు తీసుకుని వెళ్ళి, అడుగుతూ అడుగుతూ, ఒక డాక్టర్ని స్కూటరు మీద వెంటబెట్టుకుని వచ్చింది. నడివయసాయన, బ్యాగు చేతిలో, స్టెతస్కోపు మెళ్ళో. అత్తగారు ఆయన్ని కసురుకుంటుందని నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. కసురుకుంటే వాదించడానికి నాకు మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఆవిడ కసురుకోలేదు.

“రండి డాక్టరుగారూ. కాదనడానికి నేనెవర్నండి,” అంది. “ఒక్క మాట తల్లినడిగి వస్తాను.”

లోపలికి వెళ్ళి, వంగి, చేతులు జోడించింది. “అమ్మా, డాక్టరుగారు వచ్చారు. లోపలికి రమ్మంటావా, వద్దంటావా?”

పిన్నికి దగ్గు వచ్చింది, ఆగింది. కళ్ళు కొంచెం తెరిచి గుమ్మం వైపు చూసింది. నన్ను చూసిందో, నా వెనక డాక్టర్ని చూసిందో నాకు తెలియదు.

“వద్దు,” అంది.

స్పష్టంగా అంది. ఆమె నోటి వెంట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి.

నేను అరిచేశాను. “ఆవిడ మా పిన్నండి. అమ్మవారు కాదు. జ్వరంలో ఏదో అంటే మీరు వినేస్తారా?”

“అలా అనకమ్మా, చిన్నపిల్లవి,” అంది అత్తగారు, నా తల మీద చెయ్యి వేసి. “వింటుంది.”

ఇంతకంటే దారుణం ఇంకోటి ఉంది. ఆ డాక్టరు, ఎంబీబీఎస్ చదివిన మనిషి, గుమ్మం ముందు చెప్పులు విడిచి, లోపలికి ఓ దణ్ణం పెట్టి, మళ్ళీ చెప్పులు తొడుక్కున్నాడు. మేడమ్‌ని పక్కకి పిలిచి, ఆయాసం ఎక్కువైతే ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకురండి అన్నాడు. స్కూటరు స్టార్టు చేసుకుని వెళ్ళిపోయాడు. నేను ఆ అత్తగారిని ఏనాడో వదిలేశాను, ఆవిడ నమ్మింది, నమ్మినట్టే చేసింది. ఆ డాక్టర్ని ఇప్పటికీ వదల్లేదు.

సాయంత్రం పిన్ని మమ్మల్ని పిలిపించింది. “మీరు వెళ్ళండి. కొల్లేరు చూసి వెళ్ళండి,” అంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ, “చుట్టు సగంలో ఆపకండి,” అంది. నేను ఉండిపోతానన్నాను. “నువ్వు కూడా,” అంది. పోనీ బస్సెక్కి ఏలూరు వెళ్తాను, గంటన్నర దారే, నాన్నని తీసుకొస్తాను అన్నాను. అత్తగారు తల అడ్డంగా ఊపింది. తల్లి కొల్లేరు మీదుగా వెళ్ళమంది కదా, బస్సులో ఎలా వెళ్తారమ్మా అంది. మేడమ్ నేల చూపులు చూసింది. ఆవిడ కూడా మాతో రావాల్సిందే, ఇద్దరు పరాయి ఆడపిల్లల్ని ఇళ్ళకి చేర్చాలి, అనుకున్న రోజు దాటిపోయింది. పొద్దున్నే బయల్దేరాం. నాన్న సైకిలు వాళ్ళ వసారాలో గోడకి ఆనించి ఉంది, స్టవ్వు ఇంకా దానికే కట్టి ఉంది.

కొల్లేరు చుట్టూ సైకిలు తొక్కడం చాలా బాగుంటుందని మేనకోడలి ఫోనులో ఎవరో రాశారు, పక్షుల బొమ్మలు కూడా పెట్టారు. నాకు గుర్తున్నది పక్షులు కాదు. గణపవరం దాటి ఆకివీడు వెళ్ళేదాకా మొహం మీద కొట్టిన ఎదురుగాలి, చేపలచెరువుల గట్ల మీద మెత్తటి నల్లమట్టి చక్రాలకి అంటుకుని బ్రేకుల్లో పట్టేయడం, పుల్లతో గీకి మళ్ళీ ఎక్కడం, నీళ్ళ మీద తెల్లటి పొట్టలతో తేలే చచ్చిన చేపలు, ఐసు పెట్టెల లారీల వెనక కారే నీచు నీళ్ళు.  ప్రతి గట్టు మలుపులోనూ నేను తల తిప్పి వెనక్కి చూశాను, అక్కడ పిన్ని లేదని తెలిసి కూడా. ఎదురుగాలిలో మాకు అలవాటైన వీపు ఆమెది, దాని వెనక నక్కి తొక్కేవాళ్ళం.

కొల్లేరు మధ్యలో పాత కోటా, అమ్మవారి గుడీ ఉన్న కొల్లేటికోటకి బల్లకట్టు మీద దాటాం. బల్లకట్టు నడిపే ఆయన, అమ్మవారి దర్శనానికేనా అని అడిగాడు.  మేం ఆటలమ్మ ఉన్న ఇంట్లోంచి వచ్చామండి అంది తివాచీల వాళ్ళమ్మాయి. ఆయన గెడ ఆపి ఒక్క క్షణం మమ్మల్ని చూసి, అయితే గుళ్ళోకి వెళ్ళకండమ్మా, దూరం నుంచే దణ్ణం పెట్టుకోండి, ఆవిడా ఈవిడా ఒకటే, మీ ఇంట్లోనే ఉండగా ఇక్కడ ఏం చూస్తారు అన్నాడు. కోట గురించి మేడమ్ ఒక్క ముక్క చెప్పలేదు. ఆ రాత్రి కైకలూరులో ఒక బడిలో పడుకుని, మర్నాడు మధ్యాహ్నానికి ఏలూరు చేరాం.

మా సందు మొదట్లోనే తెలిసిపోయింది. అరుగుల మీద మగాళ్ళు కూచున్నారు, పనివేళ కూచునేవాళ్ళు కాదు. గూడెం నుంచి తెల్లవారుజామున ఎదురింటి కొట్టుకి ఫోను వచ్చిందట. ఆయాసం ఎక్కువై, చివరికి వాళ్ళే ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయిందట. నాన్న అప్పటికే వెళ్ళాడు. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నా బురద కాళ్ళనీ, బురద సైకిలునీ కిందినుంచి పైదాకా చూసింది.

“తొక్కారుగా,” అంది. “ముచ్చట తీరిందా.”

మా ఇంట్లో నడుస్తున్న కథ అక్కడ పుట్టింది, ఆ గుమ్మంలో. పుట్టిన రోజునే దాన్ని అందరూ ఎత్తుకున్నారు. పిన్నిని వ్యాన్లో తెచ్చారు, సైకిలు గూడెంలోనే ఉండిపోయింది, దాన్ని తెద్దామని నాన్న కూడా అనలేదు. నేను మిగిలిన డిగ్రీ రిక్షాలో చదివాను. మా పెదనాన్న కూతుళ్ళకి, వాళ్ళ కూతుళ్ళకి సైకిలు లేదు. మేడమ్ బదిలీ చేయించుకుని వెళ్ళిపోయింది. ఆడపిల్లల్ని ఊళ్ళంట తిప్పితే ఏమవుతుందో చూశారా అని కాలేజీలో కూడా అనుకున్నారు. ఎండ అన్నారు, ద్రాక్ష అన్నారు, కొల్లేరు నీళ్ళు అన్నారు, పిన్ని కొల్లేరు చూడనే లేదన్న సంగతి కూడా ఎవరికీ అడ్డం రాలేదు. చాలా ఏళ్ళ తర్వాత నాకు తెలిసిన ఒక లేడీ డాక్టరుని అడిగాను. పిల్లలకి వచ్చే ఆటలమ్మ వేరు, పెద్దవాళ్ళకి వస్తే ఒక్కోసారి ఊపిరితిత్తులకి దిగుతుంది, దగ్గు మొదలవగానే ఆస్పత్రిలో పెడితే చాలామంది బతుకుతారు అంది. అంటుకున్న రెండు మూడు వారాలకి బయటపడుతుందట. వెనక్కి లెక్క వేసుకోండి అంది. నేను అప్పటికే వేసుకున్నాను.

అమ్మ పోవడానికి ముందు ఏడు, చిక్కుడుకాయలు వలుస్తుండగా అడిగాను, పిన్నికి చిన్నప్పుడు పోయలేదని నీకు తెలీదా, నువ్వు పెద్దదానివి కదా అని. అమ్మ వలవడం ఆపలేదు. చేతిలో కాయలు అయిపోయాక తట్ట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తెలుసన్నమాటో, తెలియదన్నమాటో నాకు అర్థం కాలేదు, మళ్ళీ అడగడానికి నోరు రాలేదు, నా నోరు కూడా. తమ్ముడు ఇది చదువుతాడు. చదవనీ. వాడి తప్పేమీ లేదు, దురదకి ఏడ్చే పిల్లాడు, పిన్ని చేతులు పట్టుకుని పడుకున్నాడు, అంతే. కానీ కూతురి ముందు ఆ మాట ఇక అనకూడదు.

ఇప్పుడు ఆటలమ్మకి చిన్నప్పుడే టీకా వేయించేస్తున్నారు, మేనకోడలికి కూడా వేయించారు. గూడెం రోడ్ల నిండా ఆస్పత్రులే. ఎవరింటి గుమ్మానికీ వేపమండలు చూసి చాలా ఏళ్ళయింది, ఆ ఆచారం పోయినందుకు నాకేం బాధ లేదు, వేపాకు మీద పడుకున్న మనిషికి ఏమైందో నేను చూశాను. కాకపోతే ఆ అత్తగారు అడిగిన గొంతు మాత్రం దానితోనే పోయింది. పడక పక్కన చేతులు జోడించి, ఏం కావాలమ్మా, నువ్వు అడగాలి, మేం పెట్టాలి అని ఒక మనిషిని అలా అడగడం నేను ఆ మూడు రోజులు తప్ప ఎక్కడా వినలేదు. మా పిన్ని పాతికేళ్ళ బతుకులో ఆమెని ఎవరైనా అలా అడిగినది ఆ మూడు రోజులే. నా ఉక్రోషమంతా అక్కడికి వచ్చి ఆగిపోతుంది, ముందుకు వెళ్ళదు.

నా వయసు వాళ్ళు దీన్ని చదువుతుంటారు. మీలో పెద్దయ్యాక అమ్మవారు పోసి, వేపాకు మీద పడుకుని, బతికి బయటపడ్డవాళ్ళు ఉండే ఉంటారు. మిమ్మల్నే అడుగుతున్నాను, ఇంకెవరిని అడిగినా భక్తి అంటారు, లేదా జ్వరం అంటారు. వాళ్ళు మిమ్మల్ని తల్లీ అని పిలిచి, రమ్మంటావా వద్దంటావా అని అడిగినప్పుడు, ఒంట్లోకి వచ్చిన ఆవిడ మీ చేత జవాబు చెప్పించిందా, అడిగే ఆ మనుషులు నొచ్చుకుంటారని చెప్పారా, లేక జన్మలో మొదటిసారి వద్దనే హక్కు చేతికొచ్చింది కదా అని, దేన్ని వద్దంటున్నారో తెలిసి కూడా, మీరే అన్నారా?